గోరు దిగని టైర్లు

ఆ వీధిలో ఆయన్ని అందరూ గోరు మేస్త్రీ అనేవారు. ముప్పై ఏళ్లుగా టైర్ల కొట్లో పనిచేస్తున్న ఆ మనిషికి తొమ్మిది గోళ్లు పొట్టిగా, నల్లగా ఉండేవి. కుడిచేతి బొటనవేలి గోరు ఒక్కటే కాస్త పెంచి, శుభ్రంగా ఉంచుకునేవాడు. టైరు అమ్మేముందు ఆ గోరు రబ్బరులోకి నొక్కి, పడిన గాటును కొనేవాడికి చూపించేవాడు. కొత్తగా కనబడే టైరల్లా కొత్తది కాదనీ, మెరుపు అద్దుకుంటే వస్తుందనీ, గోరు దిగితేనే రబ్బరుకి ప్రాణం ఉన్నట్టనీ చెప్పేవాడు. అంతటితో ఆగక టైరు పక్కనున్న నాలుగంకెలు చదివించేవాడు. మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. చదవడం రానివాళ్లకి తనే చదివి వినిపించేవాడు.

ఆ నాలుగంకెలు టైరుకి ఒక పక్కనే ఉంటాయి. ఆ పక్కని కారు లోపలి వైపుకి పెట్టి బిగిస్తే, కారు పైకెత్తి కింద దూరితే తప్ప ఎవరికీ కనబడవు. కొట్టు పెట్టిన మేనమామ దీన్ని ముఖం తిప్పడం అనేవాడు. "మనిషినీ టైరునీ వయసు అడక్కూడదురా అల్లుడూ, అడిగేవాడొస్తే ముఖం అటు తిప్పెయ్" అని నవ్వేవాడు. మామ పోయి కొట్టు తన చేతికొచ్చిన రోజున మేస్త్రీ మొదట మానేసింది ఆ పనే. పాతికేళ్లలో ఒక్క టైరు ముఖం కూడా తిప్పలేదు.

తిప్పినవి నాలుగే. ఆ నాలుగూ లెక్కల టీచరు కారుకి.

ఆ ఊళ్లో ఆదివారం పొద్దున పెద్ద సరుకుల యార్డు ఖాళీగా ఉంటుంది. అక్కడ నారింజ రంగు ప్లాస్టిక్ కోన్లు పేర్చి, వాటి మధ్య మెలికలు తిరుగుతూ కార్లు నడిపే పందెం పెట్టేవారు. ఒకసారికి ఒకే కారు, పోటీ గడియారంతోనే. కోనుని తాకితే సమయానికి రెండు సెకన్లు కలుపుతారు. దంతవైద్యుడు, బ్యాంకు గుమస్తా, బేకరీ యజమాని, అందరూ వారమంతా ఆఫీసుకి వెళ్లే కార్లనే అక్కడికి తెచ్చేవారు. టైర్లకి మాత్రం గోరు మేస్త్రీ దగ్గరికి వచ్చేవారు.

వచ్చినవాళ్లని ఆయన మూడు ప్రశ్నలడిగేవాడు. సోమవారం నుంచి శనివారం దాకా ఈ కారు ఏం చేస్తుంది? దీంట్లో ఇంకెవరు కూర్చుంటారు? ఇది మీకు ఎన్నో ఆదివారం? మొదటి ఆదివారమే అయితే ఏమీ అమ్మకుండా పంపించేసేవాడు. ఉన్న టైర్లు అరిగేదాకా తిప్పి రండి, ముందు చెయ్యి నేర్చుకోవాలి, టైరు తర్వాత, అనేవాడు. అరగదీసుకుని వచ్చినవాళ్లకి మూడు రకాలు చూపేవాడు. ఏళ్ల తరబడి నడిచేవి, కానీ మలుపులో కీచుమంటాయి. జిగురులా నేలని పట్టుకునేవి, కానీ వానకి పనికిరావు, పది ఆదివారాలకే అరిగిపోతాయి. మూడోది మధ్య రకం, అటు ఆఫీసుకీ ఇటు పందేనికీ సరిపోయేది. నూటికి తొంభై మందికి ఆ మధ్య రకమే ఇచ్చేవాడు. ఆదివారం కోసం టైరు కొనేవాడు సోమవారాన్ని మర్చిపోతాడని ఆయన మాట.

టీచరు ఒకరోజు కొట్టుకి వచ్చింది. నలభై దాటిన మనిషి, మాట మెత్తన. టైర్లు అరగదీసుకునే వచ్చింది. ఆయన మూడు ప్రశ్నలకీ బడిపిల్లలా వరసగా జవాబు చెప్పింది. వారమంతా బడికి వెళ్తుంది, మంగళ శుక్రవారాలు అమ్మని మోకాళ్ల వ్యాయామానికి తీసుకెళ్తుంది, ఆదివారాలు ఇప్పటికి ఆరయ్యాయి. "అమ్మేమో నలభయ్యేళ్లొచ్చాక బొంగరం ఆట మొదలెట్టావే అంటోంది" అని తనమీద తనే నవ్వింది. మేస్త్రీ మధ్య రకం తీయడానికి లేచాడు. లేచి, ఆమె చక్రం కొలత చూశాడు. చూసి ఆగిపోయాడు.

ఆ కొలతవి నాలుగు టైర్లు ఆయన అటక మీద ఉన్నాయి. నల్ల సంచుల్లో చుట్టి, ఏడేళ్లుగా.

అవి అమ్మకానికి తెచ్చినవి కావు. యార్డులో పందేలు మొదలైన ఏడాది ఆయన తనకోసం తెప్పించుకున్నాడు. అందరి కార్లకీ టైర్లు వేసే మనిషికి ఒక్కసారి తనే ఆ కోన్ల మధ్య తిప్పాలనిపించింది. జిగురు రకం, ఉన్నవాటిలో ఉత్తమమైనవి. పందెం రోజు వాటిని వెనక సీట్లో పేర్చుకుని యార్డు గేటు దాకా వెళ్లాడు కూడా. లోపల హెల్మెట్లు పెట్టుకుని నవ్వుకుంటున్న కుర్రకారుని చూశాడు. తన పొట్ట చూసుకున్నాడు. వాళ్లలో సగం మంది తన దగ్గర గాలి కొట్టించుకునేవాళ్లే. నామోషీ వేసింది. గేటు దగ్గరే వెనక్కి తిప్పుకుని వచ్చేశాడు. తర్వాత ఆ కారు అమ్మేశాడు గానీ టైర్లు అమ్మలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పనూ లేదు. అప్పుడప్పుడు అటకెక్కి సంచి విప్పి చూసుకునేవాడు.

టీచరుని రేపు రమ్మని పంపించేసి, ఆ సాయంత్రం వాటిని కిందికి దించాడు. ఒక్క మరక లేదు. వాటిని రోడ్డు తాకనే లేదు. అలవాటుగా బొటనవేలు నొక్కాడు.

గోరు దిగలేదు.

ఇంకోచోట నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కాడు. గోరు వంగింది గానీ గాటు పడలేదు. అటక మీద ఏడు వేసవులు రబ్బరుని లోలోపల కాల్చేశాయి. అప్పుడే వాటిని మళ్లీ సంచుల్లో చుట్టేసి ఉంటే ఈ కథే లేదు. కానీ ఆయన వాటిని గోడకి ఆనించి, స్టూలు లాక్కుని, చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. కోన్ల మధ్య గంటకి అరవై దాటదు కదా అనుకున్నాడు. టీచరు మెల్లగా నడిపే మనిషి కదా అనుకున్నాడు. సగం ధరకే ఇస్తే ఆమెకీ మేలే కదా అనుకున్నాడు. అనుకోనిది ఒక్కటే, అన్నిటికన్నా నిజమైనది. ఎవరో ఒకరి కారు కింద అవి ఒక్కసారైనా ఆ యార్డులో తిరగాలని ఆయనకి కోరిక.

టీచరు అంకెల మనిషి, ఏ అంకె కనబడినా చదువుతుంది. అందుకని మర్నాడు ఆమె రాకముందే నాలుగింటినీ కొట్లో ఉన్న అదే కొలత చక్రాలకి ఎక్కించి సిద్ధంగా పెట్టాడు. నాలుగు ముఖాలూ లోపలికి.

ఆ తర్వాత జరిగినదంతా మంచితనమే. ఆయనకి అదే శిక్ష అయింది.

సగం ధరకి అంత మంచి టైర్లు ఇచ్చాడని టీచరు ఊరంతా చెప్పింది. బడి నుంచి ముగ్గురిని కొట్టుకి పంపింది. ఆయన్ని అన్నయ్యా అని పిలవడం మొదలుపెట్టింది. టైరు అంచున సుద్దతో గీత గీస్తే, పరుగు అయ్యాక ఆ గీత ఎంతవరకు చెరిగిందో చూసి గాలి ఎక్కువో తక్కువో చెప్పొచ్చని ఆయన నేర్పితే, అప్పటినుంచి వచ్చినప్పుడల్లా బళ్లో మిగిలిన సుద్దముక్కలు పొట్లం కట్టి తెచ్చి కౌంటరు మీద పెట్టేది. ఒక ఆదివారం సాయంత్రం చిన్న కప్పు పట్టుకొచ్చింది. కొత్తవాళ్లలో మూడో స్థానం వచ్చిందట.

"మొత్తం నలుగురం లెండి" అంది. "అయినా ఇది మీ టైర్లది అన్నయ్యా. ఇక్కడే ఉండాలి."

ఆయన వద్దంటున్నా వినకుండా గాలి మిషను పైనున్న అలమరలో పెట్టి వెళ్లింది. గుప్పెడంత కప్పు. ఆరోజు నుంచి మేస్త్రీ గాలి కొట్టేటప్పుడు ఆ వైపు తలెత్తడం మానేశాడు. తేలు కుట్టిన దొంగకి అరిచే వీలు లేదంటారు. ఈయనకి కుట్టిన తేలుని ఎదురుగా అలమరలో పెట్టి పూజ చేసే పరిస్థితి వచ్చింది.

ఇంట్లోనూ ఊపిరాడలేదు. ఆయన భార్య ఆసుపత్రి మందుల కొట్టులో పని చేస్తుంది. ప్రతి నెలాఖరునా తేదీ దాటిన మందులు ఏరి పారేయడం ఆవిడ పని. భోజనాల దగ్గర ఆ కబుర్లే. గడువు పది రోజులు దాటిన దగ్గుమందు ఇవ్వలేదని ఎవరో కేకలేశారని ఆవిడ చెబుతుంటే, ఈయన గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు. పది రోజులకేమవుతుందిలే అని ఒకసారి అనేశాడు. ఆవిడ అన్నం కలపడం ఆపి, మీరేనా ఈ మాటంటున్నది, అన్నట్టు చూసింది.

ఒక ఆదివారం ఆగలేక యార్డుకి వెళ్లి కంచె బయట నిలబడ్డాడు. టీచరు కారు వచ్చింది. తన టైర్లు. ఏడేళ్ల తర్వాత అవి తిరుగుతున్నాయి. మొదటి మలుపు దాకా ఆయనకి ఒళ్లు పులకరించింది. రెండో మలుపులో కారు వెనక భాగం సబ్బుమీద కాలేసినట్టు జారి, ఒక కోను ఎగిరి పడింది. మూడో మలుపులో ఇంకోటి. కారు ఆపి దిగిన టీచరు తన రెండు చేతులనీ తిప్పి తిప్పి చూసుకోవడం ఆయనకి కంచె బయటి నుంచి కనబడింది. తప్పు వాటిలో ఉన్నట్టు.

ఆ గురువారం ఆమె గాలి చూపించుకోవడానికి వచ్చింది. సుద్ద పొట్లం కౌంటరు మీద పెట్టి, వచ్చే ఆదివారం పెద్ద ట్రాకుకి వెళ్తున్నానని చెప్పింది. ఊరికి రెండు గంటల దూరం. కోన్లు లేవు, సరుకుల యార్డు కాదు, అచ్చమైన పందెపు దారి. డబ్బు కట్టి పేరు రాయించుకుంటే ఎవరి కారు వాళ్లు తీసుకెళ్లి తిప్పుకోవచ్చు. నేరుగా ఉన్న చోట నూట నలభై దాకా వెళ్లొచ్చట.

మేస్త్రీ చేతిలో గాలి గొట్టం బుస్సుమంటూనే ఉంది.

"తిప్పేముందు కార్లు తనిఖీ చేస్తారట. మీ చేతి పని కదా, నాకు భయం లేదు" అంది టీచరు. కొంచెం సిగ్గుపడుతూ ఇంకో మాట చెప్పింది. "మలుపుల్లో వెనక జారిపోతోంది అన్నయ్యా. నేనే స్టీరింగు తొందరగా తిప్పేస్తున్నానట, నేర్పే ఆయన అన్నాడు. రోజూ అన్నం పళ్లెం స్టీరింగులా పట్టుకుని కుర్చీలో కూర్చుని సాధన చేస్తున్నాను. అమ్మ ఒకటే నవ్వు."

మేస్త్రీ నవ్వబోయాడు. గాలి గొట్టం కట్టేశాడు. అవునమ్మా, మెల్లగా తిప్పాలి, అన్నాడు. ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. ఆమె తలూపి, మెల్లగా తిప్పాలి అని తనకి తనే అప్పజెప్పుకుంటూ వెళ్లిపోయింది.

ఏడేళ్ల రబ్బరు అరవైలో జారుతుంది. నూట నలభైలో వేడెక్కితే పొరలు పొరలుగా విడిపోవచ్చు. ఇది ఆయనకి తెలిసినంతగా ఆ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు.

శుక్రవారం పొద్దున భార్య పనికి బయల్దేరుతుండగా గుమ్మం దగ్గర ఆపి చెప్పేశాడు. అటక దగ్గర మొదలుపెట్టి గాలి గొట్టం దాకా. ఆవిడ భుజాన సంచి అలాగే ఉంచుకుని విన్నది. కోప్పడుతుందనుకున్నాడు. ఆవిడ అడిగింది ఒకటే, ఇప్పుడేం చేస్తారు అని. రేపు ఆమెని పిలిచి మధ్య రకం కొత్తవి వేసేస్తానన్నాడు. ఏమని చెప్పి, అంది. ఆ రకం టైర్లని కంపెనీ వెనక్కి తెప్పించుకుంటోందని చెప్తానన్నాడు. రాత్రంతా ఆలోచించి కట్టిన మాట అది.

"మందు డబ్బా మీద తేదీ గీకేసేవాళ్లు మా దగ్గరా ఉంటారు" అంది ఆవిడ. "దొరికితే, కంపెనీ నుంచే అలా వచ్చిందంటారు. అందరిదీ అదే మాట." చెప్పులు వేసుకుంటూ ఇంకో మాట కలిపింది. "ఒక అబద్ధం ఊడదీయడానికి ఇంకోటి బిగిస్తారా? మీకు బోల్టుల సంగతి తెలుసు. నేను చెప్పేదేముంది."

శనివారం ఒంటిపూట బడి. టీచరు మధ్యాహ్నానికి వచ్చింది. మేస్త్రీ నాలుగు కొత్త టైర్లు వరసగా నిలబెట్టి ఉంచాడు. కారుని లిఫ్టు మీద పైకెత్తాడు. చక్రాలు విప్పుతూ, ఆమె వైపు చూడకుండా, ఈ టైర్లు మార్చాలమ్మా, కంపెనీ వాళ్లు, అని మొదలుపెట్టాడు. వాక్యం ఇంకా సగంలోనే ఉంది.

"మార్చెయ్యండి" అంది టీచరు. "మీరు చెప్పాక ఇంక నేను ఆలోచించేదేముంది."

ఆమె సంచిలోంచి పరీక్ష పేపర్లు తీసి, స్టూలు మీద కూర్చుని దిద్దుకోవడం మొదలుపెట్టింది. కారణం పూర్తిగా వినను కూడా లేదు. ఆయన కట్టిపెట్టుకున్న అబద్ధానికి గిరాకీ లేకుండా పోయింది. చేతిలో విప్పిన చక్రంతో అలా నిలబడ్డాడు. కప్పు ఉన్న అలమర కింద, తడి నేల మీద, బండ్లు వెళ్లే చప్పుడు వింటూ. ఎర్ర పెన్ను టక్కున ఒక తప్పు దగ్గర ఆగడం, దాటడం, మళ్లీ ఆగడం వినబడుతోంది.

మేస్త్రీ ఆ చక్రాన్ని ఆమె కాళ్ల ముందు పడుకోబెట్టాడు, లోపలి వైపు పైకి వచ్చేలా. బక్కెట్లో గుడ్డ ముంచి పిండి, పేరుకున్న బ్రేకుల మసి తుడిచాడు. అంకెలు తేలాయి.

"ఇది చదవండి టీచరమ్మా" అన్నాడు.

ఆమె వంగి చదివింది. లెక్క కట్టడానికి ఆమెకి క్షణం కూడా పట్టలేదు. ఏడేళ్లు, అంది. మిగతా మూడూ చూసింది. నాలుగూ లోపలి వైపే. అన్నీ ఒకే వారానివి. పెన్నుకి మూత పెట్టింది.

తర్వాత ఆమె అన్న మాటకి మేస్త్రీ సిద్ధంగా లేడు. తిడుతుందనుకున్నాడు గానీ, చెయ్యి అందిస్తుందనుకోలేదు.

"వేసేటప్పుడు మీరు చూసుకోలేదా అన్నయ్యా?"

అవునంటే చాలు. పనిలో పడి చూసుకోలేదమ్మా, అంటే చాలు. ఆమె నమ్ముతుంది. నమ్మాలనే అడిగింది. కప్పు అలమరలోనే ఉంటుంది.

"చూశాను" అన్నాడు మేస్త్రీ. "గోరు కూడా నొక్కాను. దిగలేదు. మీరు చదువుతారనే లోపలికి తిప్పాను."

ఎందుకని ఆమె అడగలేదు. ఆయనే చెప్పాడు. అటక, నల్ల సంచులు, గేటు దగ్గర నుంచి వెనక్కి రావడం. చెబుతుంటే తన చెవికే అది కారణంలా వినబడలేదు, మారాంలా వినబడింది. మధ్యలో ఆపేశాడు.

టీచరు తన బొటనవేలి గోరు ఆ టైరు మీద నొక్కింది. మళ్లీ నొక్కింది. వేలు చూసుకుంది.

"నా చేతులు మంచివి కావనుకున్నాను" అంది. గొంతు పెంచలేదు. "మూడు నెలలు పళ్లెం తిప్పాను."

మేస్త్రీ ఆ చక్రాన్ని లేపి గోడకి ఆనించాడు.

కొత్తవి వేయమంది. పేపర్లు సంచిలో పెట్టేసి, ఒక్కో చక్రం దగ్గరా నిలబడి, గోరు తనే నొక్కి, అంకెలు తనే చదివి, అవి బయటికి ఉన్నాయో లేదో చూసుకుంది. డబ్బు వద్దన్నాడు. చౌకగా వచ్చినవాటితో ఒకసారి అయింది చాలని చెప్పి పూర్తిగా ఇచ్చింది. కొత్త రబ్బరు మీద పైపూత ఉంటుంది, మొదటి వంద కిలోమీటర్లు నెమ్మదిగా వెళ్లాలి, ట్రాకు దాకా వెళ్లేసరికి అది సరిపోతుంది, మొదటి చుట్టు మాత్రం మెల్లగానే తిప్పాలి, అని మేస్త్రీ చెప్పాడు. ఆమె టైరు వైపు చూస్తూ విన్నది. వెళ్లేముందు కాలి మునివేళ్ల మీద లేచి అలమరలోంచి కప్పు తీసుకుంది. పక్క సీట్లో పెట్టి, ఒక్క క్షణం ఆలోచించి, దానికి సీటు బెల్టు పెట్టింది.

ఆదివారమంతా మేస్త్రీ ఫోను జేబులోంచి తీసి చూసి పెడుతూనే ఉన్నాడు. ఎవరూ చేయలేదు. ఎందుకు చేస్తుంది? మంగళవారం పొద్దున ఆమె కారు కొట్టు ముందు నుంచి వెళ్లింది. వెనక సీట్లో తల్లి కూర్చుని చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. నాలుగు చక్రాలూ నిండుగా ఉన్నాయి. ఆయన చేతిలోని పానా కింద పెట్టి, కాసేపు స్టూలు మీద కూర్చున్నాడు.

ఆ నాలుగు టైర్లనీ రంపంతో అడ్డంగా కోసేశాడు, ఇంకెవరూ వాడకుండా. ఆ తర్వాత ఎవరికి టైరు బిగించినా, అంకెల ముఖం బయటికి పెట్టి వాటి చుట్టూ సుద్దతో ఒక సున్నా చుట్టడం మొదలుపెట్టాడు. అది మేస్త్రీ కొట్టు గుర్తు అనుకున్నారు జనం. పందేనికి వెళ్లే కుర్రవాళ్లకి నచ్చి, చెరిగిపోతే మళ్లీ చుట్టించుకునేవారు. ఎందుకని అడిగినవాళ్లకి, మీరు చదువుకోవాలని, అనేవాడు. అంతకన్నా చెప్పేవాడు కాదు.

రెండు నెలలకి టీచరు గాలి చూపించుకోవడానికి వచ్చింది. ఊళ్లో వేరే కొట్లు ఉన్నాయి, ఎందుకొచ్చిందో ఆయన అడగలేదు. కిందికి దిగి, నాలుగు చక్రాలూ ఒకసారి చుట్టి చూసి, అప్పుడు కౌంటరు దగ్గరికి వచ్చింది.

"మేస్త్రీ గారూ, గాలి చూడండి" అంది.

ఆయన చూశాడు. ముందువాటికి కొంచెం తగ్గింది, కొట్టాడు. ఏదో ఒకటి అడగాలని, మలుపుల్లో ఎలా ఉందమ్మా అన్నాడు.

"జారడం లేదు" అంది టీచరు.

సుద్దముక్కల పొట్లం సంచిలోంచి తీసి కౌంటరు మీద పెట్టింది. అలవాటు కొద్దీ తెచ్చిందో, కావాలనే తెచ్చిందో ముఖం చూస్తే తెలియలేదు. కారు మలుపు తిరిగేదాకా మేస్త్రీ ఆ పొట్లం విప్పలేదు. వీధి మలుపులో ఆమె స్టీరింగు మెల్లగా తిప్పింది, ఆయన చెప్పినట్టే. ఆ సలహా నిజమే. కానీ ఆమెకి అది ఎప్పుడూ అవసరం పడలేదు.